కాటా అంకె ఎవరు మార్చారు? ట్రిగ్గర్ మేలా, వెర్షనింగ్ టేబుల్ మేలా?

గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్టు అనుకోండి. 40 టిక్కీల (బస్తాల) తేజా రకం మిర్చి లాటు, కాటా 1,812 కిలోలు. సాయంత్రానికి కంప్యూటర్‌లో అది 1,782 అయింది. క్వింటా 15,000 చొప్పున ఆ 30 కిలోలు 4,500 రూపాయలు. రైతు చేతిలోని కాటా చీటీలో ఒక అంకె, బిల్లులో ఇంకో అంకె. తరుగు తీశారో, వేలు జారిందో తేల్చాలంటే పాత అంకె ఉండాలి. మామూలు టేబుల్లో అప్‌డేట్ కొట్టగానే అది పోతుంది.

అప్లికేషన్ కోడ్‌లోనే లాగ్ రాయడం అన్నిటికన్నా తేలిక, దిద్దేవాళ్లను కారణం కూడా అడగొచ్చు. కానీ పీహెచ్‌పీమైఅడ్మిన్ లాంటి, డేటాబేస్‌ను నేరుగా తెరిచే టూల్‌లోకి వెళ్లి దిద్దితే ఆ కోడ్‌కు తెలియదు. ఇదొక్కటే చాలనుకోవద్దు.

ట్రిగ్గర్ అంటే టేబుల్లో మార్పు జరగగానే డేటాబేస్ దానంతటదే నడిపే చిన్న కోడ్. అది ఆ దొడ్డిదారిని కూడా పట్టుకుంటుంది. పాత విలువ, కొత్త విలువ, టైము, మనిషి అన్నీ ఆడిట్ టేబుల్లోకి చేరతాయి. మైఎస్‌క్యూఎల్ డేటాబేస్‌లో వెర్షనింగ్ (మారిన ప్రతి రికార్డు పాత రూపాన్నీ డేటాబేస్ తనే దాచిపెట్టడం) లేదు కాబట్టి అక్కడ ఇదే దిక్కు. తప్పులు జరిగే చోట్లు మాత్రం తెలిసుండాలి. పాత, కొత్త విలువలను <> గుర్తుతో పోల్చితే, ఒకవైపు నల్ (విలువ ఏమీ లేకపోవడం) ఉన్నప్పుడు మార్పు నమోదు కాదు; <=> తో పోల్చి నాట్ పెట్టాలి. టేబుల్ మొత్తాన్ని ఖాళీ చేసే ట్రంకేట్‌కు, ఒక టేబుల్లో మార్పు దానికి ముడిపడిన టేబుల్లోకి పాకే ఫారిన్ కీ క్యాస్కేడ్‌కు ట్రిగ్గర్ పలకదు. అన్నిటికన్నా చేటు మనిషి పేరుతోనే. కొట్టులో అందరూ ఒకే డేటాబేస్ లాగిన్ మీద పనిచేస్తారు కాబట్టి పేరును సెషన్ వేరియబుల్‌లో (ఆ కనెక్షన్ ఉన్నంతసేపు గుర్తుండే విలువలో) పంపిస్తారు. కనెక్షన్ పూల్ ఉంటే, అంటే తెరిచిన కనెక్షన్లనే అందరికీ మార్చి మార్చి ఇస్తుంటే, ముందు పనిచేసినవాళ్ల పేరు అందులోనే మిగిలిపోయి, గుమస్తా దిద్దింది యజమాని ఖాతాలో పడుతుంది. ప్రతి రిక్వెస్టు మొదట్లో పేరు మళ్లీ పెట్టాల్సిందే.

మరియాడీబీ 10.3 నుంచి, ఎస్‌క్యూఎల్ సర్వర్ 2016 నుంచి వెర్షనింగ్ డేటాబేస్‌లోనే ఉంది. మరియాడీబీలో టేబుల్‌ను మార్చే ఆల్టర్ టేబుల్ కమాండ్‌కు 'యాడ్ సిస్టమ్ వెర్షనింగ్' చేరిస్తే చాలు. 'మధ్యాహ్నం 12కి ఈ లాటు ఎంత?' అని ఒక్క క్వెరీలో అడగొచ్చు. ట్రిగ్గర్ లాగ్ నుంచి అదే రాబట్టాలంటే ఒక్కో మార్పూ వెనక్కి పేర్చుకోవాలి. అయితే ఎవరు మార్చారో ఇది దానంతటది రాయదు. 'దిద్దినవారు', 'కారణం' అని రెండు కాలమ్‌లు మనమే పెట్టాలి. అప్పుడూ డిలీట్ చేసినవాళ్లు దొరకరు, చివరిసారి దిద్దినవాళ్ల పేరే కనిపిస్తుంది. అందుకని డిలీట్ హక్కు తీసేసి 'రద్దు' కాలమ్ వాడాలి. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో టైము యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయంలో) పడుతుంది, మన టైముకు 5:30 గంటలు కలపాలి.

మా మాట: మరియాడీబీ ఉంటే కాటా, రేటు, చెల్లింపు టేబుళ్లకు వెర్షనింగ్ పెట్టండి, ఆ రెండు కాలమ్‌లతో. చరిత్రను చెరిపే 'డిలీట్ హిస్టరీ' హక్కు యాప్ లాగిన్‌కు ఇవ్వొద్దు. 'సెక్యూర్ టైమ్‌స్టాంప్' సెట్టింగ్‌ను 'యెస్' చేయండి, లేకపోతే సెషన్ టైము వెనక్కి తిప్పి చరిత్రలో దొంగ టైము వేయొచ్చు.

కొట్టు కంపెనీగా రిజిస్టరై ఉంటే ఇది ఇష్టాన్ని బట్టి చేసే పని కాదు. 2023 ఏప్రిల్ 1 నుంచి కంపెనీల అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌లో, ఆపడానికి వీల్లేని ఎడిట్ లాగ్ ఉండి తీరాలి.

ఇక బ్యాకప్. మామూలు డంప్ (టేబుళ్లను ఫైల్‌లోకి రాసిపెట్టే బ్యాకప్) ఇప్పుడున్న రికార్డులనే తీస్తుంది, చరిత్ర రాదు. మరియాడీబీ 10.11 నుంచి 'డంప్ హిస్టరీ' ఆప్షన్ ఇస్తే వస్తుంది. అంతకు ముందు వెర్షనైతే డేటా ఫైళ్లనే కాపీ చేసే మరియాబ్యాకప్ టూల్ వాడాలి. ఆ బ్యాకప్‌ను వేరే మెషీన్‌లో ఎక్కించి, నిన్న మధ్యాహ్నం 12కి లాటు కాటా ఎంతో అడిగి చూడండి.