శాటిలైట్ చిత్రాల పనిలో జీలిబ్‌సీ మాలాక్: చాలాకాలం వాడాక సమీక్ష

అనంతపురం జిల్లా శెనక్కాయ చేల పచ్చదనాన్ని సెంటినెల్-2 ఉపగ్రహాల చిత్రాలతో లెక్కగట్టే ప్రోగ్రాం సీ భాషలో రాస్తే, మొదటి బ్యాండుతోనే (ఒక రకం కాంతిలో తీసిన చిత్రంతోనే) మెమరీ సంగతి తేలిపోతుంది. పిక్సెల్ 10 మీటర్లుండే బ్యాండులో ఒక టైలు (ఒక చదరపు ముక్క) అంటే 10980 × 10980 పిక్సెళ్లు. పిక్సెల్‌కు 2 బైట్ల చొప్పున 24,11,20,800 బైట్లు. దీన్ని లోకల్ అర్రేగా పెడితే లినక్సులో మామూలుగా ఉండే 8 ఎంబీ స్టాకు (లోకల్ వేరియబుళ్లు ఉండే మెమరీ) చాలదు, ప్రోగ్రాం అక్కడే పడిపోతుంది. ప్రోగ్రాం నడుస్తుండగా మెమరీ తెచ్చిచ్చే ఫంక్షన్ మాలాక్ (malloc) తప్పదు. ఈ పనికి లినక్సు వెంట వచ్చే సీ లైబ్రరీ జీలిబ్‌సీ (glibc) మాలాకే సరిపోతుంది, వేరే అలొకేటర్ (మెమరీ పంచే లైబ్రరీ) అవసరం రాలేదు. చిక్కంతా మనం అడిగే తీరులోనే.

అన్నిటికన్నా ప్రమాదం సైజు లెక్కలో ఉంది. 4 బ్యాండులను డబుల్‌గా (పిక్సెల్‌కు 8 బైట్లు) మార్చి దాచాలంటే 385,79,32,800 బైట్లు కావాలి. ఈ సంఖ్యను 32 బిట్ల ఇంట్ వేరియబుల్‌లో పెడితే సాధారణంగా మైనస్‌లోకి పోతుంది, మాలాక్ నల్ (మెమరీ దొరకలేదనే గుర్తు) ఇస్తుంది, తప్పు వెంటనే దొరుకుతుంది. అదే 5 బ్యాండులైతే 482,24,16,000 కావాలి. ఇంట్‌లో మిగిలేది 52,74,48,704. మాలాక్ అంతవరకు హాయిగా ఇచ్చేస్తుంది, రాయడం మొదలుపెట్టాక ఎక్కడో క్రాష్ అవుతుంది. సైజులన్నీ సైజుల కోసమే ఉన్న, మైనస్ లేని సైజ్_టీలోనే (size_t) ఉంచాలి. సున్నాలు నింపి మెమరీ ఇచ్చే కాలాక్‌కు (calloc) సంఖ్యనూ, ఒక్కోదాని సైజునూ విడివిడిగా ఇస్తే గుణకారం పొంగితే అదే పట్టుకుని నల్ ఇస్తుంది. పెద్ద బఫర్లకు కెర్నెల్ సున్నాల పేజీలనే (మెమరీ ముక్కలనే) ఇస్తుంది కాబట్టి కాలాక్ మళ్లీ తుడుస్తూ కూర్చోదు.

తీసుకున్న మెమరీ సైజు మార్చే రీఆలాక్ (realloc) బాగా నచ్చింది. పెద్ద బఫర్లను లినక్సులో ఎంరీమ్యాప్‌తో (పేజీల అడ్రసులనే మార్చే కెర్నెల్ కాల్‌తో) పెంచుతుంది, వందల ఎంబీలను కాపీ చేయదు. కానీ ఫలితాన్ని నేరుగా పాత పాయింటర్‌లోకే తీసుకోకూడదు. నల్ వస్తే పాత అడ్రసు పోతుంది, ఆ మెమరీ లీకవుతుంది. బఫర్ చోటు మారితే దాని మధ్యలోకి చూపే పాయింటర్లు కూడా చెల్లవు, వాటి బదులు ఇండెక్సులు దాచుకోవాలి.

నల్ రాలేదు కదా అని ధీమా వద్దు. లినక్సు లేని మెమరీకీ సరేనంటుంది. పేజీలను తాకినప్పుడు చాలకపోతే ప్రాసెస్‌నే చంపేస్తుంది, ఆ సంగతి కెర్నెల్ సందేశాలు చూపే డీమెసేజ్‌లో (dmesg) కనిపిస్తుంది.

నచ్చనిది ఒకటుంది. ఎంమ్యాప్ హద్దు, అంటే ఏ సైజు దాటితే మాలాక్ మెమరీని హీప్ (తన ఉమ్మడి నిల్వ) నుంచి కాక నేరుగా కెర్నెల్ నుంచి తెస్తుందో ఆ సైజు, మొదట 128 కేబీ. హద్దు దాటిన ముక్కను ఫ్రీ చేస్తే అది పెరగొచ్చు, అలా 64 బిట్ సిస్టంలో 32 ఎంబీ దాకా పోతుంది. టైలును 256 వరుసల చొప్పున చదివితే ఒక్కో ముక్క 56,21,760 బైట్లు. ఒకసారి ఫ్రీ అయ్యాక ఇలాంటివి హీప్ నుంచే వస్తాయి, తర్వాత ఫ్రీ చేసినా టాప్ కమాండులో మెమరీ తగ్గకపోవచ్చు. దాన్ని లీకనుకుని గంటలు పోగొట్టుకోవద్దు. మాలాక్ సెట్టింగులు మార్చే మాలాప్ట్‌తో (mallopt) హద్దును మనమే పెడితే అది ఇక కదలదు. నిజంగా లీకేనేమో తేల్చుకోవాలంటే మెమరీ తప్పులు పట్టే అడ్రస్ శానిటైజర్‌తో కంపైల్ చేసి, ముందు చిన్న చిత్రం మీద నడపాలి. పూర్తి టైలు మీద, అలాంటి పనే చేసే వాల్‌గ్రైండ్ మరీ నెమ్మది.