హన్మకొండలో బాపు ఉంటున్న హోం: మూడేళ్ల తర్వాత

నర్సింగ్ హోం అనగానే వరంగల్‌లో మనకు కాన్పులకో ఆపరేషన్లకో వెళ్లే చిన్న ప్రైవేటు ఆసుపత్రి గుర్తుకొస్తుంది. నేను రాస్తున్నది అలాంటి దాని గురించి కాదు. మంచం దిగలేని పెద్దవారిని కూడా చేర్చుకుని చూసుకునే సంరక్షణ కేంద్రం గురించి. పక్షవాతంతో ఎడమ చెయ్యి, ఎడమ కాలు పడిపోయిన మా బాపును 2022 జూన్‌లో అందులో చేర్చాము. వారానికి రెండుసార్లయినా వెళ్లి చూస్తున్న కూతురిగా ఈ సమీక్ష రాస్తున్నాను. హోం పేరు కావాలనే రాయడం లేదు, బాపు ఇంకా అక్కడే ఉన్నాడు.

చేర్చే ముందు నేనూ మా తమ్ముడూ లిఫ్టు, గచ్చు, సీసీ కెమెరాలు, వెనుక ఉన్న చిన్న తోట చూసి తృప్తి పడ్డాము. రాత్రిపూట ఇరవై ఆరు మంచాలకు ఎంతమంది ఆయాలు ఉంటారని మాత్రం మాలో ఎవరికీ అడగాలని తట్టలేదు. ఇద్దరే ఉంటారని నాలుగో నెలలో తెలిసింది, అదీ ఒక పుండు వల్ల.

మంచం మీదే ఉండే మనిషిని రెండు గంటలకోసారి పక్క మార్చకపోతే నడుము కింద, తుంటి మీద, మడమల దగ్గర బరువు పడిన చోట రక్తం ఆడక చర్మం చితుకుతుంది. ఆ చోటు ఎర్రబడి, వేలితో నొక్కి వదిలినా రంగు మారకపోతే పుండు మొదలైనట్టే. మన చామనఛాయ ఒంటి మీద ఆ ఎరుపు సరిగ్గా కనిపించదు కాబట్టి చేత్తో తాకి చూడాలి. చుట్టుపక్కల చర్మం కంటే అక్కడ వేడిగానో గట్టిగానో తగులుతుంది. ఎయిర్ బెడ్ వేశాము కదా అని పక్క మార్చడం మానేయడానికి వీల్లేదు. ఇవన్నీ నాకు తర్వాత తెలిసిన సంగతులు. ఆ నాలుగో నెలలో ఒక రోజు సాయంత్రం నాలుగున్నరకు నేను వెళ్లేసరికి, మంచం కాళ్ల దగ్గర వేలాడుతున్న చార్టులో ఆరింటికి ‘కుడి పక్క’ అనీ, ఎనిమిదింటికి ‘వెల్లకిలా’ అనీ సంతకాలతో సహా అప్పటికే రాసి ఉంది. దుప్పటి తొలగిస్తే ఎడమ మడమ మీద రూపాయి బిళ్లంత మచ్చ కనిపించింది. నేను చార్టును, మడమను ఫొటో తీసుకుని నేరుగా మేనేజరు గదికి వెళ్లాను. ఆయన బుకాయించకుండా తప్పు ఒప్పుకున్నాడు. చార్టు రాసే పని ఆయాల నుంచి తీసి నర్సుకు అప్పగించాడు. రాత్రి పన్నెండింటికి, నాలుగింటికి బాపు ఏ పక్కన పడుకుని ఉన్నాడో ఫొటో తీసి నా వాట్సాప్‌కు పంపే ఏర్పాటు కూడా చేశాడు. మచ్చ మానడానికి ఐదు వారాలు పట్టింది, మళ్లీ రాలేదు.

రెండో ఇబ్బంది మాటతో వచ్చింది. మొదటి నెలల్లో బాపు “దూప అయితాంది” (దాహం వేస్తోంది) అంటే గోదావరి వైపు నుంచి వచ్చిన నర్సుకు ‘ధూపం’ అని వినిపించి, ఈ పెద్దాయనకు అగరుబత్తి ఎందుకని ఆశ్చర్యపోయేదట. నీళ్ల గ్లాసు కూడా ఎడమ వైపు బల్ల మీదే పెట్టేవారు. ఆ చెయ్యి కదలదు సరికదా, పక్షవాతం తర్వాత ఆ వైపు ఉన్న వస్తువు ఆయన ధ్యాసకే రాదు. మరుసటి ఏడాది మే నెలలో, ఎండ నలభై డిగ్రీలు దాటిన రోజుల్లో, పక్కనే గ్లాసు ఉండగా మనిషి గొంతు ఎండి ఉండడం నేను కళ్లారా చూశాను. బల్లను కుడి వైపు జరపడానికి ఒక్క నిమిషం పట్టింది, అది తట్టడానికే మా అందరికీ నెలలు పట్టింది.

తిండి విషయంలో మాత్రం నాకు ఏ ఫిర్యాదూ లేదు. ధర్మసాగర్ వైపు నుంచి వచ్చే ఒక ఆయమ్మ జొన్నరొట్టెను వేడి పాలలో నానబెట్టి, మెత్తగా మెదిపి, బాపును నిటారుగా కూర్చోబెట్టి కుడి వైపు నుంచి చిన్న చెంచాతో తినిపిస్తుంది. ఒక ముద్ద గొంతు దిగిందని చూసుకున్నాకే రెండో ముద్ద పెడుతుంది, తిన్నాక అరగంట దాకా పడుకోనివ్వదు. మింగడం కష్టమైన వారికి పొలమారి మెతుకు ఊపిరితిత్తుల్లోకి జారితే న్యుమోనియా వచ్చే ప్రమాదం ఉందని డాక్టరు మాకు చెప్పారు. ఆ ఆయమ్మకు ఎవరూ చెప్పినట్టు లేదు, తన అత్తకు అలాగే పెట్టేదాన్నని అంది.

చేరినప్పుడు నెలకు 18,000 తీసుకునేవారు, ఇప్పుడు 22,000 అయింది. డైపర్లు, ఫిజియోథెరపీ, మందులు దీనికి అదనం. చేర్చుకునే రోజున ఈ అదనం గురించి ఎవరూ విడమరిచి చెప్పలేదు. డాక్టరు వారానికి ఒకసారి వస్తారు. ఒక రాత్రి జ్వరం ఎక్కువైనప్పుడు 108కి ఫోన్ చేసి, నాకు చెప్పి, నేను వరంగల్‌లోని ప్రభుత్వ ఆసుపత్రి ఎంజీఎం చేరేసరికే బాపును అక్కడికి తీసుకొచ్చారు. ఆ విషయంలో వారిని మెచ్చుకోవాలి. వృద్ధుల కోసం ఉన్న 14567 హెల్ప్‌లైన్ నంబరు గుమ్మం పక్కనే గోడ మీద రాసి ఉంది.

అరగంటలో చేరుకోగలిగిన కొడుకో కూతురో ఊళ్లో ఉన్నవారికి ఈ హోం పనికొస్తుంది. పిల్లలంతా అమెరికాలో ఉండి, నెలనెలా డబ్బు పంపి ఫోన్‌లో మాట్లాడే కుటుంబానికి మాత్రం ఇప్పుడున్న స్థితిలో నేను దీన్ని సూచించలేను. రాత్రికి మూడో ఆయాను పెట్టమని మార్చిలో రాతపూర్వకంగా అడిగాను. వచ్చే నెల చూద్దామన్నారు. ఇది ఐదో నెల.