మందులు గుర్తు చేస్తే చాలనుకుని పెట్టుకున్న యాప్

మా తమ్ముడికి స్కిజోఫ్రీనియా, అంటే లేని గొంతులు వినిపించడం, లేనిపోని అనుమానాలు రావడం లాంటివి ఉండే మానసిక జబ్బు. డాక్టరు గారు చెప్తే ఆరు నెలల కిందట వాడి ఫోన్‌లో ఈ యాప్ వేశాం. నేను రోజూ "మాత్ర వేసుకున్నావా" అని వెంటపడే పని తప్పితే చాలనుకున్నా, అంతకు మించి ఆశ పెట్టుకోలేదు.

రోజుకి మూడుసార్లు చిన్న చప్పుడు చేసి పలకరిస్తుంది. నిద్ర పట్టిందా, మందు వేసుకున్నారా, గొంతులు వినిపిస్తున్నాయా. వినిపిస్తున్నాయని నొక్కితే ఎంత ఇబ్బంది పెడుతున్నాయో అడిగి, ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని పాటలు వినమనో ఎవరితోనైనా కాసేపు మాట్లాడమనో చెబుతుంది. నేను అడిగితే "ఏం లేదక్కా" అని గోడ వైపు తిరిగి పడుకునేవాడు, ఫోన్‌కి మాత్రం ఉన్నదున్నట్టు చెప్పాడు. మొదట బాధేసింది. తర్వాత అర్థమైంది, నేను అడిగేటప్పుడు నా మొహంలో భయం వాడికి కనిపించేది.

ఒకసారి వరసగా మూడు రాత్రులు నిద్ర నాలుగు గంటలకి తగ్గిపోయినట్టు గ్రాఫ్‌లో వచ్చింది. జబ్బు తిరగబెట్టే ముందు చాలామందికి నిద్రే చెడుతుంది. ఆ గ్రాఫ్ వాడే డాక్టరు గారికి చూపించాడు, మందు మార్చారు, ఈసారి ఆసుపత్రిలో చేర్చేదాకా పోలేదు.

అమెరికాలో ఫోకస్ అనే ఇలాంటి యాప్‌ని డ్రోర్ బెన్-జీవ్ అనే పరిశోధకుడి బృందం 163 మందితో పరీక్షించి 2018లో ఫలితాలు ఇచ్చింది. ఫోన్‌లో యాప్ ఇచ్చినవాళ్లలో 90 శాతం మంది దాన్ని వాడటం మొదలుపెట్టారు, క్లినిక్‌లో గ్రూపు సమావేశాలకి రమ్మన్నవాళ్లలో మొదలుపెట్టింది 58 శాతమే. చెప్పులు వేసుకునే దగ్గరే ఆగిపోయే మావాణ్ణి చూసినదాన్ని కాబట్టి నాకు వింతగా అనిపించలేదు. కానీ అక్కడ ఫోన్ చేసి మాట్లాడే మనిషి కూడా ఉన్నాడు, మేం వాడే దాంట్లో ఆ ఏర్పాటు లేదు.

ఆ లోటు ఒక అప్‌డేట్ తర్వాత తెలిసొచ్చింది. పొద్దున్నే లొకేషన్, మైక్ అనుమతి ఇవ్వమని అడిగింది. ఎవరో తనని కనిపెడుతున్నారన్నదే వాడి భయం, అలాంటివాణ్ణి అడిగే పద్ధతేనా అది! ఫోన్ ఆపేసి బీరువాలో బట్టల కింద దాచేశాడు, తొమ్మిది రోజులు తీయలేదు. కంపెనీకి రాస్తే రెడీమేడ్ జవాబొకటి వచ్చింది. చివరికి పక్కన కూర్చుని, ఒక్కో అనుమతీ ఎందుకడుగుతారో చెప్పి, రెండూ వాడి చేతే తీసేయించాను.

అందుకే నాలుగు స్టార్లు. మీరూ పెట్టేటట్టయితే సెట్టింగ్స్ మీరొక్కరే చేసేయకండి, ఆ మనిషి చేతే నొక్కించండి. మావాడు నిన్న ఆ చప్పుడు నచ్చలేదని వేరేది పెట్టుకున్నాడు.