సిపాయి పెట్టె కావాలంటే ఒంగోల్లో ఈ కొట్టుకే వెళ్ళండి

ఒంగోలు ట్రంకు రోడ్డు నుంచి లోపలికి తిరిగే ఒక సందులో రేకు పెట్టెల కొట్టు ఒకటుంది. బోర్డు వెలిసిపోయింది, చదవడానికి కూడా రాదు, కానీ ఆ చుట్టుపక్కల ఎవరినడిగినా "మిలటరీ పెట్టెల కొట్టా?" అని చెయ్యి చూపిస్తారు. పోయిన నెల మా తమ్ముడికి అక్కడ పెట్టె చేయించాం. వాడు అగ్నివీర్‌గా ట్రైనింగ్ పూర్తి చేసి సెలవు మీద వచ్చాడు, సెలవు అవగానే మొదటిసారి యూనిట్‌కి వెళ్ళాలి (ఎక్కడికో ఇక్కడ రాయను). నేను ఐదుకి నాలుగున్నర ఇస్తున్నాను. ఆ అర ఎందుకు తగ్గించానో కూడా చెప్తాను.

ముందు ఆన్‌లైన్‌లో ఒక పెట్టె తెప్పించాం. ఫొటోలో బ్రహ్మాండంగా ఉంది, వచ్చాక బొటనవేలితో నొక్కితే మూత సొట్ట పడింది. దాన్ని వాపసు పంపడానికి పది రోజులు పట్టింది, వాడి సెలవేమో కరిగిపోతోంది, అమ్మకు ఒకటే టెన్షన్. అప్పుడు మా పెదనాన్న చెప్పారు ఈ కొట్టు సంగతి.

మా ఇంట్లో ఇప్పటికీ తాతయ్య పెట్టె ఉంది. ఆయన 1963లో చేరారు, చైనా యుద్ధం తర్వాత సైన్యాన్ని బాగా పెంచుతున్న రోజులవి. నల్ల పెట్టె, తెల్ల అక్షరాలు, రంగు అక్కడక్కడా లేచిపోయింది గానీ గొళ్ళెం మాత్రం ఈరోజుకీ టక్కుమని పడుతుంది. అమ్మ అందులో పొలం కాగితాలు, తన పెళ్ళి చీర దాచుకుంటుంది. దాని ఫొటో ఫోన్‌లో తీసుకెళ్ళి చూపించి ఇలాంటిదే కావాలన్నాను. కొట్టు పెద్దాయన ఫొటో పెద్దది చేసుకుని మూలల దగ్గర కాసేపు చూసి, "ఇట్టాంటి రివెట్టు ఇప్పుడు రాదమ్మా, దగ్గర్లోది వేస్తా" అన్నారు. ఆ ఒక్క మాటతో నాకు నమ్మకం కుదిరింది.

రేకు సంగతి తెలియనివాళ్ళ కోసం చెప్తున్నా, గేజి నంబరు తగ్గేకొద్దీ రేకు మందం పెరుగుతుంది. 24 గేజి పల్చన, 22 కాస్త గట్టిది, 20 ఇంకా గట్టిది. నేను 20 చేయమన్నాను, డబ్బులకు చూసుకోలేదు. ఆయన నా వైపు చూడకుండా తమ్ముడితో అన్నారు: "22 చాలు నాయనా. 20 అయితే గట్టిగానే ఉంటది గానీ మోసేది మీ అక్క కాదు గదా, నువ్వు." ఎక్కువ ధర వచ్చే సరుకు అమ్ముకోగలిగి కూడా తక్కువదే చాలన్న మనిషిని నేను ఈ మధ్య చూడలేదు. అంతటితో ఆగలేదు. కొట్టులో ఉన్న ఒక తయారు పెట్టెలో పాతిక కిలోల బియ్యం బస్తా పడుకోబెట్టి, ఒక పక్క పిడి పట్టుకుని ఎత్తమన్నారు, ఆ తర్వాత భుజానికెత్తుకుని సందు చివరిదాకా నడిచి రమ్మన్నారు. వాడు చెమటలు కక్కుతూ తిరిగొచ్చాక కొలత 30 అంగుళాల నుంచి 27కి దించారు.

నేను హైస్కూల్లో సోషల్ చెప్తాను, అందుకే ఆ సందులో నిలబడి తమ్ముణ్ణి చూస్తుంటే పాఠాలు గుర్తొచ్చాయి. క్రీస్తుపూర్వం 100 ప్రాంతంలో రోమన్ సేనాని మారియస్ సామాను బళ్ళు తగ్గించి ఎవరి మూట వాళ్ళే మోయాలన్నాడు, అప్పట్నుంచి ఆ సైనికులకు 'మారియస్ కంచరగాడిదలు' అని పేరు పడింది. తర్వాతి కాలంలో వెజీషియస్ అనే రోమన్ రచయిత కొత్తగా చేరినవాళ్ళకు 60 రోమన్ పౌన్ల బరువుతో నడక నేర్పాలని రాశాడు, అంటే మన లెక్కలో దాదాపు 20 కిలోలు. 1916 జులై 1న, మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్స్‌లోని సోమ్ దగ్గర, కందకాల్లోంచి పైకి లేచిన బ్రిటిష్ సిపాయిల ఒంటి మీద 30 కిలోల దాకా బరువు ఉంది. రెండు వేల ఏళ్ళలో కత్తి పోయి తుపాకీ వచ్చింది గానీ భుజం మీద బరువు తగ్గలేదు. పిల్లలకు పరీక్షలో ఇది రాదు, యుద్ధం తేదీ, గెలిచిన రాజు పేరు వస్తాయి. మూట మోసినవాడి సంగతి నేనైనా క్లాసులో చెప్పాలని అక్కడే అనుకున్నాను.

కొట్టు వసారాలో చెప్పులు కుట్టే తాత ఒకాయన కూర్చుంటాడు. తమ్ముడి బూటు కుడికాలి చిటికెన వేలు దగ్గర కరుస్తోంది. ఆయన బూటులో కొయ్య అచ్చు పెట్టి, లోపల తడిచేసి, రాత్రంతా అలాగే ఉంచి ఇచ్చాడు. 60 రూపాయలు. ఇప్పుడు కరవడం లేదు. మా తాతయ్య కాలంలో బూట్ల అడుగున ఇనప మేకులుండేవి, బండల మీద నడుస్తుంటే పది ఇళ్ళ అవతలికి వినపడేదట. అంతకు ఇంకా ముందు, 19వ శతాబ్దం మొదట్లో, చాలా సైన్యాల్లో బూట్లకు కుడి ఎడమ తేడానే లేదు, రెండూ ఒకే అచ్చు, తొడిగి తొడిగి కాలికి తగ్గట్టు తొక్కుకోవడమే. ఆ కాళ్ళతో వాళ్ళు వందల మైళ్ళు నడిచారు.

ఇక మేజోళ్ళు. ఇక్కడ దొరికే ఉన్ని కలిసిన మేజోళ్ళు నిజంగా మంచివి, జత 180. పక్కనే 60 రూపాయల నైలాన్ జతలు కూడా ఉన్నాయి, పెద్దాయనే వద్దన్నారు, తడిస్తే ఆరవు అని. ఈ మాటను తేలిగ్గా తీసుకోవద్దు. మొదటి ప్రపంచ యుద్ధంలో కందకాల బురదలో రోజుల తరబడి తడి కాళ్ళతో నిలబడి ఎంతోమందికి పాదాలు చచ్చుబడి కుళ్ళాయి, ట్రెంచ్ ఫుట్ అంటారు. మేజోళ్ళు మార్చుకోమని, పాదాలకు తిమింగలం నూనె రాసుకోమని బ్రిటిష్ సైన్యం ఆర్డర్లు వేయాల్సొచ్చింది. 1914లో ఫ్రాన్స్‌లోని మార్సెయ్ రేవులో దిగిన మన భారత సిపాయిల ఒంటి మీద నూలు ఖాకీలే, చలి బట్టలు ఆలస్యంగా అందాయి. ఆ తర్వాతైనా నేర్చుకున్నారా అంటే 1962 చైనా యుద్ధంలో ఈశాన్య సరిహద్దులోని నామ్‌కా చూ అనే ఏటి దగ్గర మనవాళ్ళు అంత ఎత్తున నూలు యూనిఫాంతో, కాన్వాస్ బూట్లతో, మనిషికి 50 తూటాలతో నిలబడ్డారు. తాతయ్య ఆ యుద్ధంలో లేరు, కానీ ఆయన సీనియర్లలో కాలి వేళ్ళు పోగొట్టుకున్నవాళ్ళు ఉన్నారు. వాళ్ళ గురించి చెప్పేటప్పుడు ఆయన గొంతు మారిపోయేది. ఆరు జతలు తీసుకున్నాం.

సూదీదారం సంచి కూడా ఇక్కడ కొనండి, బొత్తాలు, సేఫ్టీ పిన్నులతో కలిపి 90 రూపాయలు. బ్రిటిష్ సైన్యంలో దీన్ని 'హౌస్‌వైఫ్' అనేవాళ్ళు. ఎనామిల్ మగ్గు, పాలిష్ బ్రష్షులు బాగున్నాయి.

కొనకూడనిది ఒకటుంది, పక్కబట్టలు చుట్టుకునే బిస్తరు. కాన్వాస్ బాగానే ఉంది గానీ తోలు పట్టీల బకిల్ నా కళ్ళముందే ఊడొచ్చింది. అడిగితే "అది మా సరుకు కాదమ్మా, బయట్నుంచి తెప్పిస్తాం" అన్నారు. తెప్పించినా అమ్మేది మీరే కదండీ అన్నాను, ఆయన కాదనలేదు. ఇంకోటి, పెట్టె బుధవారం ఇస్తామని శుక్రవారం ఇచ్చారు, తమ్ముడి రైలు ఆదివారం. ఒక పక్క పిడి కొంచెం ఊగుతుంటే చెప్పగానే విప్పి మళ్ళీ వేశారు, పావుగంట పట్టింది. బిల్లు అడిగితేనే రాస్తారు, అడగండి. అర మార్కు తగ్గించింది వీటికే.

యూనిఫాం బట్ట మాత్రం ఎంత అడిగినా అమ్మరు. 2022 ఆర్మీ డే నాడు వచ్చిన కొత్త డిజిటల్ డిజైన్ బట్ట బయట అమ్మడానికి వీల్లేదు. మేమున్నప్పుడే ఇద్దరు కుర్రాళ్ళొచ్చి ఫొటోల కోసమని అడిగితే, "అది సంపాయించుకుని తొడుక్కునే బట్ట నాయనా, పోయి రన్నింగ్ చేసుకోండి" అని పంపేశారు.

పేరు రాయడం గురించి తప్పకుండా చెప్పాలి. నల్ల ఎనామిల్ పెయింటు రెండు పూతలు వేసి, అది ఆరాక పెద్దాయన కొడుకు తెల్ల రంగుతో చేత్తో రాస్తాడు, స్టెన్సిల్ లేకుండా. మూత మీద నంబరు, పేరు, అంతే. యూనిట్ పేరు రైల్లో నలుగురికీ కనపడక్కర్లేదని ఆయనే వద్దన్నారు. ఆ కుర్రాడు ఒక్కో అక్షరం దిద్దుతుంటే మేం కదలకుండా చూశాం. 1757లో క్లైవ్ వెంట బెంగాల్ వెళ్ళిన మద్రాసు సిపాయిల్లో మనవాళ్ళు ఎందరుండేవారో గానీ, ఉత్తరాదిన కంపెనీ సిపాయికి 'తిలంగా' (తెలుగు ప్రాంతంవాడు) అనే పేరే స్థిరపడిపోయింది. ఏ ఊరివాళ్ళో, ఏ ఇంటివాళ్ళో వాళ్ళ పేర్లు మనకు లేవు, ప్రాంతం పేరే మిగిలింది. మా తమ్ముడి పేరు అంత పెద్ద అక్షరాల్లో, రంగు ఇంకా తడిగా మెరుస్తుంటే చూసి అమ్మ కళ్ళు తుడుచుకుంది.

పెట్టె, తాళం, రాత అన్నీ కలిపి 2,900 అయింది. ఫోన్‌పే తీసుకుంటారు. గోంగూర పచ్చడి గాజు సీసాలో సర్దబోతుంటే పెద్దాయన చూసి కొట్టులోని స్టీలు డబ్బా తెచ్చిచ్చారు, దానికి డబ్బులు పుచ్చుకోలేదు.

ఇంగ్లండు ఉత్తరాన విండోలాండా అనే రోమన్ కోట తవ్వకాల్లో, సిరాతో రాసిన పల్చటి చెక్క పలకలు దొరికాయి, దాదాపు 1900 ఏళ్ళ నాటివి. అందులో ఒకదాంట్లో ఎవరో ఆ కోటలో ఉన్న తమవాడికి మేజోళ్ళు, రెండు జతల చెప్పులు, రెండు లోదుస్తులు పంపామని రాశారు. ఎన్నోసార్లు చదివిందే గానీ, మొన్న తమ్ముడు ఫోన్ చేసి "అక్కా, ఆ మేజోళ్ళు ఇంకో నాలుగు జతలు పంపవా, మావాళ్ళు కూడా అడుగుతున్నారు" అన్నప్పుడు మళ్ళీ తీసి చదివాను. శనివారం కొట్టుకు వెళ్తున్నాను. మీరు వెళ్ళేట్టయితే ఉదయం పదకొండు లోపు వెళ్ళండి, మధ్యాహ్నం రేకు కొట్టే చప్పుడులో మాట వినపడదు. ఆదివారం సెలవు.