అసీసీ: కమాను నెత్తిన పేరుకున్న చెత్త

ఇటలీలోని అసీసీ ఊళ్ళో సెయింట్ ఫ్రాన్సిస్ బసిలికా (పెద్ద చర్చి) అంటే ఒకదానిమీద ఒకటి రెండు చర్చిలు. 1228లో పని మొదలైంది. చాలామంది కింద ఫ్రాన్సిస్ సమాధి చూసి, పైన చిత్రకారుడు జొట్టోవని చెప్పే గోడ బొమ్మల వెంట ఓ చుట్టు తిరిగి బయటపడతారు. అసలు కథ నెత్తిమీదుంది.

1997 సెప్టెంబరు 26న తెల్లవారుజామున 2:33కి ఒక భూకంపం, ఉదయం 11:42కి మరొకటి. రెండోదానికి పై చర్చి కప్పు రెండు చోట్ల కూలింది. మొదటి నష్టం చూడటానికి లోపలికెళ్ళినవాళ్ళలో నలుగురు చనిపోయారు. కారణం కమాను (పైకప్పు కింద, లోపలినుంచి కనబడే వంపు కప్పు) వీపు మీదుంది: శతాబ్దాలుగా పైకప్పు మరమ్మతు చేసిన ప్రతిసారీ విరిగిన పెంకులు, మట్టి అక్కడే వదిలేశారు. కమాను దిగే మూలల్లో నిండిన ఆ వదులు చెత్త ప్రతి కుదుపుకీ జారి, వంపును కొద్దికొద్దిగా చెడగొట్టింది.

బాగుచేసినప్పుడు ముందు ఆ చెత్త ఎత్తారు, పగుళ్ళలోకి మోర్టారు ఎక్కించారు. పైనుంచి, కింద కనబడని వైపు, చెక్క మీద అరమిడ్ అనే చాలా గట్టి కృత్రిమ పీచు చుట్టిన, పక్కటెముకల్లాంటి సన్నని బద్దలు వేశారు. వాటిని పైకప్పుకి కడ్డీలతో వేలాడదీసి మధ్యలో స్ప్రింగులు పెట్టారు. గట్టిగా బిగించేస్తే పైకప్పు ఊగినప్పుడల్లా ఆ దెబ్బ నేరుగా కమానుకే తగులుతుంది. 1999 నవంబరులో చర్చి తెరిచారు.

చూడాల్సిన చోట్లు రెండు. ప్రధాన ద్వారం లోపలున్న సెయింట్ జెరోమ్ కప్పు, ఆల్టర్ (బలిపీఠం) పైన కప్పు మీద చిత్రకారుడు చిమాబుయే వేసిన సెయింట్ మాథ్యూ. లక్షల ముక్కలు ఏరి అతికించారు. దొరకని చోట కొత్త బొమ్మ గీయలేదు. మాథ్యూలో ఖాళీలు ఎక్కువ, అదే నిజాయితీ. బైనాక్యులర్లు తప్పనిసరి. ప్రవేశం ఉచితం, ఫొటోలు నిషిద్ధం, భుజాలు, మోకాళ్ళు కప్పుకోవాలి.

బస విషయానికొస్తే, ఊరి కోటగోడ లోపలి మఠాల అతిథిగృహాలు శుభ్రంగా, ప్రశాంతంగా ఉంటాయి. కానీ రాత్రి తలుపు వేసే వేళ ముందే అడగండి. రాళ్ళు పరిచిన ఎత్తు వీధుల్లో చక్రాల పెట్టె నరకమే. అద్దె కారుతో లోపలికి దూరితే జరిమానా ఇంటికొస్తుంది, గోడ బయటే ఆపాలి. సామాను ఎక్కువైతే కింద రైల్వే స్టేషన్ దగ్గరి శాంటా మరియా దెల్యి ఆంజెలి అనే పేటలో దిగడం మేలు. అక్కడి పెద్ద చర్చి కూడా 1832 భూకంపంలో కూలి, వాస్తుశిల్పి లుయిజి పొలెట్టి చేతిలో మళ్ళీ లేచిందే. అక్కణ్ణుంచి పైన అసీసీకి బస్సుంది. అక్టోబరు 4 సెయింట్ ఫ్రాన్సిస్ పండుగ రోజుల్లో రెండు చోట్లా గది దొరకడం కష్టం.