డైడ్యాక్టిక్ దగ్గర దొరికిపోయిన పదాల పుస్తకం

నెల్లూరు వీఆర్సీ సెంటర్ చుట్టుపక్కల పోటీ పరీక్షల పుస్తకాలు అమ్మే కొట్లలో ఇంగ్లీషు–తెలుగు పదాల పాకెట్ బుక్కు ఒకటి డీఎస్సీ రాసేవాళ్ల చేతుల్లో బాగా తిరుగుతోంది. ఇట్లాంటివి కొనేముందు మొదటి పేజీలు చూడొద్దు, వాటిని అందరూ శ్రద్ధగానే వేస్తారు. నేరుగా 'డైడ్యాక్టిక్' తీయండి. టీచరు కాబోయేవాళ్లకు తెలియాల్సిన మాట.

ఇందులో దానికి 'బోధనాత్మక' అని ఒక్క అర్థం వేసి వదిలేశారు. తప్పు కాదు, సగమే. ఏదో ఒకటి నేర్పాలనే రాసిన రచన డైడ్యాక్టిక్. మన నీతి పద్యాలన్నీ ఆ కోవే, అక్కడ అది తిట్టు కాదు. నర్సింగ్ కాలేజీలో డైడ్యాక్టిక్ క్లాసంటే వార్డులో కాకుండా గదిలో చెప్పే పాఠం, అంతే. అదే ఒక నవలను 'టూ డైడ్యాక్టిక్' అన్నారంటే మాత్రం కథ ఆపి పాఠం చెబుతున్నాడని విసుగు. మనిషినంటే ఇంకా ఘాటు: చేపల పులుసు ఎట్టా ఉందని అడిగితే, చేప కడిగే పద్ధతి మీద పావుగంట చెప్పే రకం. ప్యాసేజీలో ముందు 'టూ', 'ఓవర్లీ' లాంటివి కనిపిస్తే ఈ రెండో అర్థమే. అక్కడ 'ఇన్‌స్ట్రక్టివ్' పెడితే మార్కు పోతుంది, నీతులు దంచే అనే అర్థమొచ్చే 'ప్రీచీ' పెట్టాలి.

ఉచ్చారణ 'డిడక్టిక్' అని అచ్చేశారు. అమెరికాలో మొదటి అక్షరాన్ని 'డి' అనేవాళ్లూ ఉన్నారు కాబట్టి దాన్ని క్షమించొచ్చు. కానీ నొక్కి పలకాల్సింది 'డ్యాక్' దగ్గర. 'డక్' అంటే బోధనా పద్ధతులు చెప్పే మెథడాలజీలో వచ్చే 'డిడక్టివ్'తో కలిసిపోతుంది. అది నిగమన పద్ధతి, సూత్రం ముందు, ఉదాహరణ తర్వాత. లాటిన్ మాట, దీనికి చుట్టం కాదు.

అసలు పొరపాటు పుట్టుక చెప్పే చోటుంది. 'డై' అంటే రెండు, గురువూ శిష్యుడూ అని గుర్తుపెట్టుకోమన్నారు. ముచ్చటగానే ఉంది గానీ అబద్ధం. గ్రీకులో 'డిడాస్కీన్' అంటే బోధించడం. దాన్నుంచి 'డిడాక్టికోస్', అంటే బోధించే నేర్పున్న అని. ఇంగ్లీషులోకి 17వ శతాబ్దంలో వచ్చింది. గుర్తుండాలంటే 'ఆటోడిడాక్ట్' పక్కన పెట్టుకోండి: గురువు లేకుండా తనకు తానే నేర్చుకున్నవాడు. వేరు ఒకటే.

కాగితం, కుట్టు బాగానే ఉన్నాయి. అక్షరాలు మరీ సన్నం.

మొత్తానికి రోజుకో 10 పదాలు తిరగేయడానికి పనికొస్తుంది, అర్థం తేల్చుకోవడానికి కాదు. కొట్లో నిలబడే ఇంకొక్కటి చూడండి. 'పెడగాజికల్' అంటే బోధనాశాస్త్రానికి చెందినది, 'పెడాంటిక్' అంటే చాదస్తపు పాండిత్యం. ఈ రెంటికీ ఎదురుగా కూడా 'బోధనాత్మక' అనే ఉంటే పుస్తకం తిరిగి కౌంటర్ మీద పెట్టేయండి.