ఫైర్ అలారం టెక్నీషియన్, సేల్స్ శిక్షణ: కర్నూలు సైట్ల మీద వాడి చూశాక నా సమీక్ష

కర్నూలు కేంద్రంగా ఆసుపత్రులు, లాడ్జీలు, కల్యాణ మండపాలు, జిన్నింగ్ మిల్లులకు ఫైర్ అలారం వ్యవస్థలు బిగించి, వాటి ఏఎంసీ (వార్షిక నిర్వహణ ఒప్పందం) చూసుకునే చిన్న సంస్థ మాది. 2019లో బెంగళూరులోని ఒక ప్రైవేటు శిక్షణ సంస్థలో ఫైర్ అలారం, లైఫ్ సేఫ్టీ కోర్సు చేశాను. ఆ తర్వాత మా టెక్నీషియన్లనూ, సేల్స్ చూసే కుర్రవాళ్లనూ విడతలవారీగా అక్కడికే పంపాను. సర్టిఫికెట్ చేతికొచ్చిన వారంలో రాసే అభిప్రాయం వేరు, నేర్చుకున్న పాఠాన్ని మే నెల ఎండల్లో రేకుల షెడ్ల కింద, వానకు తడిసిన పైపుల్లోని వైర్ల మధ్య వాడి చూశాక రాసే అభిప్రాయం వేరు. అందుకే ఇన్నాళ్లు ఆగి రాస్తున్నాను. సంస్థ పేరు చెప్పడం లేదు. వేరే చోట్ల ఇలాంటి కోర్సులు చేసిన తోటి కాంట్రాక్టర్లు చెప్పే మంచిచెడ్డలు కూడా దాదాపు ఇవే కాబట్టి పేరుతో పెద్దగా పని లేదు.

కోర్సును రెండు పాయలుగా నడుపుతారు. టెక్నీషియన్లకు వారం రోజుల ప్రాక్టికల్ శిక్షణ, సేల్స్ వాళ్లకు అంతకన్నా చాలా తక్కువ నిడివిలో మరో హాలులో తరగతులు. ప్రమాణాల విషయానికొస్తే ఫైర్ అలారాలకు మన భారత ప్రమాణమైన ఐఎస్ 2189, నేషనల్ బిల్డింగ్ కోడ్ 2016లోని నాలుగో భాగం ప్రధానంగా చెబుతారు. వాటి పక్కనే అమెరికా వాళ్ల ఎన్‌ఎఫ్‌పీఏ 72, బ్రిటన్ వాళ్ల బీఎస్ 5839, డిటెక్టర్ల తయారీకి సంబంధించిన యూరప్ ప్రమాణం ఈఎన్ 54 కూడా పరిచయం చేస్తారు. ఏ సంఖ్య ఏ ప్రమాణంలోదో విడమరచి చెప్పకుండా ఒకదానిలోంచి మరోదానిలోకి దూకడం వల్ల మొదటి రెండు రోజులు తల తిరిగిపోతుంది. కాల్ పాయింట్ (మంట చూసినవాళ్లు చేత్తో నొక్కే అలారం పెట్టె) దగ్గరికి నడవాల్సిన దూరం ఒక్కో ప్రమాణంలో ఒక్కోలా ఉంటుంది. మన దగ్గర ఏది చెల్లుతుందో ఒక్క పట్టికలో ఇచ్చి ఉంటే ఎంతో మేలు జరిగేది.

అయినా టెక్నీషియన్ పాఠం డబ్బుకు తగ్గ ఫలితం ఇచ్చిందని నిస్సంకోచంగా చెప్పగలను. అందులోనూ నాకు అన్నిటికన్నా ఎక్కువ ఉపయోగపడింది లూప్‌లో ఫాల్ట్ వెతికే పద్ధతి. అడ్రసబుల్ లూప్ అంటే ఒక్కో డిటెక్టర్‌కు ఒక్కో నంబరు ఉండి, అన్నిటినీ కలుపుతూ అలారం కంట్రోల్ ప్యానెల్‌లో మొదలై తిరిగి అక్కడికే చేరే వైరు. దానికి ప్యానెల్ నుంచి రెండు వైపులా విద్యుత్తు అందుతుంది కనుక, మధ్యలో ఎక్కడో వైరు తెగినా డిటెక్టర్లన్నీ పనిచేస్తూనే ఉంటాయి. ప్యానెల్ మీద పసుపు లైటు వెలిగి, బజర్ కూస్తుంది, అంతే. యజమాని దాన్ని పట్టించుకోడు. కొన్నాళ్లకు మరోచోట తెగినప్పుడు ఆ తెగిన రెండు చోట్ల మధ్యనున్న గదులన్నీ ఒక్కసారిగా ప్యానెల్‌కు కనబడకుండా పోతాయి. బళ్లారి చౌరస్తా దగ్గర్లోని ఒక లాడ్జిలో సరిగ్గా ఇదే పరిస్థితి ఉండేది. పాత కాంట్రాక్టర్ మనుషులు మొదటి డిటెక్టర్ నుంచి మొదలుపెట్టి వరసగా బేస్‌లు విప్పుకుంటూ పోయి, సాయంత్రానికి రెండో అంతస్తు దాకా వచ్చి వదిలేశారట. శిక్షణలో చెప్పిన తీరు వేరు. ప్యానెల్ ఆపి, లూప్ మధ్యలో ఉన్న డిటెక్టర్ దగ్గర విడదీసి, మల్టీమీటర్‌తో ఏ సగంలో తెగిందో చూసి, ఆ సగాన్ని మళ్లీ రెండు చేయాలి. వంద డిటెక్టర్లున్న లూప్‌లో కూడా ఇలా ఏడు చోట్ల చూస్తే తెగిన చోటు దొరుకుతుంది. తెగిన చోటును ప్యానెలే చూపించే మోడళ్లు ఉన్నాయి గానీ, మా జిల్లాల్లో ఎక్కువగా అమ్ముడుపోయే చౌక ప్యానెళ్లకు ఆ తెలివి లేదు. మెగ్గర్ (వైర్ల ఇన్సులేషన్‌ను ఎక్కువ వోల్టేజీతో పరీక్షించే మీటర్) వాడే ముందు డిటెక్టర్లను, ప్యానెల్‌ను వైరింగ్ నుంచి వేరుచేయాలన్న జాగ్రత్తను కూడా ఒక కాలిన సర్క్యూట్ బోర్డును చేతికిచ్చి మరీ చెప్పారు. 500 వోల్టుల దెబ్బకు ఆ బోర్డు ఏమైందో చూసినవాడు జన్మలో మరిచిపోడు.

డిటెక్టర్ పరీక్ష గురించి చెప్పిన తరగతి కూడా అంతే విలువైనది. మన వైపు చాలామంది టెక్నీషియన్లు నిచ్చెనెక్కి, అగరుబత్తి కట్ట వెలిగించి డిటెక్టర్ కింద పెడతారు, లేదా మాగ్నెట్ ఆనించి ఎర్ర లైటు వెలిగితే పాస్ అని రాసేస్తారు. మాగ్నెట్ సర్క్యూట్‌ను మాత్రమే పరీక్షిస్తుంది తప్ప పొగ లోపలికి వెళ్లే దారి తెరిచి ఉందో లేదో చెప్పదు. అగరుబత్తి జిడ్డు చాంబర్‌లో పేరుకుని, తర్వాతి నెలల్లో దొంగ అలారాలకు కారణమవుతుంది. పరీక్ష కోసమే తయారుచేసిన ఏరోసోల్ డబ్బాను, డిటెక్టర్ మీద బోర్లించే కప్పుతో సహా, ఎలా వాడాలో ప్రతి ఒక్కరి చేతా చేయించారు. అది నేర్చుకుని వచ్చాక ఒక నర్సింగ్ హోమ్‌లో కొత్తగా ఏఎంసీ తీసుకుని పరీక్షిస్తే, ఒక వరండా మొత్తంలో డిటెక్టర్లకు ఫ్యాక్టరీ నుంచి వచ్చిన ప్లాస్టిక్ డస్ట్ క్యాప్‌లు అలాగే ఉన్నాయి. వాటి మీదుగా సున్నం కూడా కొట్టారు. రిజిస్టర్‌లో మాత్రం మూడు నెలలకోసారి పాస్ అని సంతకాలు ఉన్నాయి.

బ్యాటరీ లెక్క చిన్న విషయంలా కనబడుతుంది గానీ దాన్ని కూడా సరిగ్గా నేర్పారు. కరెంటు లేనప్పుడు 24 గంటలు ప్యానెల్ నడవాలి, ఆ తర్వాత కూడా అరగంట హూటర్లు (అలారం మోత మోగించే పరికరాలు) మోగాలి, పైన పాతిక శాతం అదనంగా కలుపుకోవాలి. మామూలు స్థితిలో 0.25 ఆంపియర్లు, అలారంలో 1.2 ఆంపియర్లు లాగే వ్యవస్థకు ఈ లెక్కన 8 ఆంపియర్ అవర్లు దాటుతుంది. అయినా బజారులో ఏ ప్యానెల్‌కైనా కళ్లు మూసుకుని 7 ఆంపియర్ అవర్ బ్యాటరీలే పెడతారు.

హూటర్ల శబ్దం మీద ఒక పూట కేటాయించి, డెసిబెల్ మీటర్ ఇచ్చి భవనమంతా తిప్పారు. నిద్రపోయే గదుల్లో మంచం తలవైపు 75 డెసిబెల్స్ ఉండాలని చెబుతారు. వరండాలో చెవులు పగిలేలా మోగే హూటర్ మూసిన తలుపు దాటి లోపలికి వచ్చేసరికి ఇరవైకి పైగా డెసిబెల్స్ పోగొట్టుకుంటుందని చెవులారా వింటే తప్ప నమ్మకం కలగదు. వరండాకో హూటర్ పెట్టి చేతులు దులుపుకునే లాడ్జి డిజైన్లను నేను ఆ రోజు నుంచి ఒప్పుకోవడం మానేశాను.

లోటుపాట్ల దగ్గరికి వస్తే, మొదటిది వాతావరణం. ప్రాక్టికల్స్ అన్నీ ఏసీ హాలులో, కొత్త డిటెక్టర్ల మీద, ఒకే కంపెనీ ప్యానెల్ మీద జరుగుతాయి. ఆదోని జిన్నింగ్ మిల్లులో దూది నుసి రోజంతా గాలిలో తేలుతుంటే స్మోక్ డిటెక్టర్ ఎన్ని రోజులు నిలుస్తుందో, బేతంచెర్ల వైపు నాపరాయి పాలిష్ యూనిట్లలో ఆ తెల్లటి పొడికి ఏం చేయాలో ఆ హాలులో ఎవరూ మాట్లాడలేదు. హీట్ డిటెక్టర్ ఎంపిక మరీ ముఖ్యం. నీడలోనే 43 డిగ్రీలు దాటే ఊళ్లలో రేకుల కప్పు కింద గాలి ఇంకా ఎంతో వేడిగా ఉంటుంది. అక్కడ మామూలు 57 డిగ్రీల డిటెక్టర్ పెడితే మంట లేకుండానే మోగుతుంది. పైకప్పు దగ్గర రాగల గరిష్ఠ ఉష్ణోగ్రత కన్నా డిటెక్టర్ రేటింగ్ కనీసం 11 డిగ్రీలు ఎక్కువ ఉండాలని ఎన్‌ఎఫ్‌పీఏ 72 చెబుతుంది, ఈఎన్ 54 ప్రకారమైతే 69 నుంచి 85 డిగ్రీల మధ్య స్పందించే బీ క్లాస్ డిటెక్టర్లు ఉన్నాయి. ఈ రెండు ముక్కలూ కోర్సు పుస్తకంలో ఉన్నాయి, నిజమే. కానీ ఒక స్లయిడ్‌లో వచ్చి వెళ్లిపోయాయి. రాయలసీమ నుంచి వచ్చేవాడికి అది ఒక పూట చెప్పాల్సిన పాఠం. బల్లులు, చీమలు డిటెక్టర్ బేస్‌లో కాపురం పెట్టడం గురించి అడిగితే శిక్షకుడు నవ్వాడు. మాకు వచ్చే ఫిర్యాదుల్లో వాటి వాటా తక్కువేమీ కాదు.

అన్నిటికన్నా పెద్ద లోపం సేల్స్ శిక్షణలో ఉంది, ఈ సమీక్ష రాయడానికి అసలు కారణం కూడా అదే. అమ్మేవాళ్లకు నేర్పేదంతా భయపెట్టే విద్య. 2011 డిసెంబరు 9న కోల్‌కతా ఆసుపత్రి మంటల్లో దాదాపు 90 మంది చనిపోవడం, 2020 ఆగస్టు 9న విజయవాడలో కొవిడ్ కేంద్రంగా నడిచిన హోటల్లో పదిమంది బలికావడం ఫోటోలతో చూపించి, ఆ ఫోటోలతో ఆసుపత్రి యజమాని చేత ఆర్డర్ మీద సంతకం ఎలా పెట్టించాలో చెబుతారు. అదే కోల్‌కతా ఘటనను పక్క హాలులో టెక్నీషియన్లకు వేరే రకంగా చెప్పారు. మంట బేస్‌మెంట్‌లో పుట్టినా పొగ ఏసీ డక్టుల గుండా పై అంతస్తులకు పాకింది కాబట్టి, అలారం రాగానే ఏసీ యూనిట్లు వాటంతట అవే ఆగిపోయేలా ప్యానెల్‌లో ఎలా అమర్చాలో చేయించి చూపించారు. ఆసుపత్రి యజమానికి అమ్మాల్సింది ఈ అమరికనే. కొటేషన్‌లో దానికి అవసరమైన రిలే మాడ్యూళ్లు (ప్యానెల్ ఆదేశంతో ఏసీని ఆపే స్విచ్చులు), ఏసీ వాళ్లతో సమన్వయం ఉండాలి. సేల్స్ కుర్రవాడికి ఆ విషయమే తెలియకపోతే అవి కొటేషన్‌లోకి రావు, రానివాటిని టెక్నీషియన్ సైట్ మీద సృష్టించలేడు.

కడప శివార్లలోని ఒక కల్యాణ మండపం ఉదాహరణగా చెబుతాను. మా కన్నా ముందు పనిచేసిన సంస్థ ప్రతినిధి సైట్ నడిచి చూడకుండా, చదరపు అడుగుల లెక్కన వంటశాలతో సహా అన్నిచోట్లా స్మోక్ డిటెక్టర్లే రాసిచ్చాడు. వంటశాలలో ఎండుమిరపకాయల తాలింపు పడితే మోత, పెళ్లి వేదిక మీద హోమం వెలిగితే మోత. యజమాని మమ్మల్ని పిలిపించి, "ఏమప్పా, తాళి కట్టే టయానికి అది మోగితే మా మర్యాదేం గావాల?" అని నిలదీశాడు. అప్పటికే మేనేజర్ మండపం జోన్‌ను మొత్తంగా డిజేబుల్ చేసి, పెళ్లి అయిపోయినా తిరిగి ఆన్ చేయడం మరచి నెలలు గడిచాయి. వంటశాలలో హీట్ డిటెక్టర్లు పెట్టి, వేదిక పైనున్న రెండు డిటెక్టర్లను మాత్రం ముహూర్తం సమయానికి ఆపి, నిర్ణీత సమయం తర్వాత అవే తిరిగి పనిలోకి వచ్చేలా ప్యానెల్‌లో టైమర్ పెట్టాం. ఇదంతా కొటేషన్ రాసే రోజునే తేలాల్సిన పని. మీ వంటశాల ఎక్కడ, హోమం ఎక్కడ చేస్తారు, ఫాల్స్ సీలింగ్ పైన ఎంత ఖాళీ ఉంది అని మూడు ప్రశ్నలు అడగడం సేల్స్ శిక్షణలో నేర్పకపోతే ఇంకేం నేర్పినట్లు? 800 మిల్లీమీటర్లు, అంతకన్నా లోతైన ఫాల్స్ సీలింగ్ ఖాళీల్లోనూ డిటెక్టర్లు కావాలని టెక్నీషియన్ హాలులో చెప్పారు. సేల్స్ హాలులో చెప్పలేదు. ఎల్1 (అందరికన్నా తక్కువ ధర) కొటేషన్లన్నీ ఆ ఖాళీ దగ్గరే చౌక అవుతాయి.

అందుకే తర్వాతి విడతల్లో నేను సంస్థ వాళ్లతో వాదించి, మా సేల్స్ కుర్రవాళ్లను టెక్నీషియన్ తరగతిలోనే కూర్చోబెట్టాను. స్క్రూడ్రైవర్ పట్టడం రాకపోయినా పర్వాలేదు, డిటెక్టర్ ఎందుకు మోగుతుందో, ఎందుకు మోగదో తెలిస్తే చాలు. ఆ తరగతిలో కూర్చుని వచ్చిన అబ్బాయి రాసే కొటేషన్లు పోటీవాళ్ల కన్నా కొంత ఎక్కువ ధరకే వెళుతున్నాయి, కొన్ని ఆర్డర్లు పోతున్నాయి కూడా. వచ్చిన ఆర్డర్లలో మాత్రం బిగించాక తగాదాలు తగ్గాయి, ఏఎంసీలు నిలుస్తున్నాయి. ప్యానెల్ ప్రోటోకాల్ (ప్యానెల్, డిటెక్టర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే పద్ధతి) విషయంలోనూ ఇదే తేడా. ఒకే కంపెనీ డిటెక్టర్లు తప్ప వేరేవి ఒప్పుకోని ప్యానెల్‌ను అమ్మితే, పదేళ్ల తర్వాత ఒక్క డిటెక్టర్ చెడినా ఆ కంపెనీ చెప్పిన ధరే కట్టాలని యజమానికి ముందుగా చెప్పే మనిషి కావాలి. ఆ సంస్థ ప్రాక్టికల్ కిట్ ఒకే కంపెనీది కావడం వల్ల కాబోలు, ఈ సంగతి తరగతిలో ఎవరూ ఎత్తలేదు.

2025 అక్టోబరు 24 తెల్లవారుజామున కర్నూలు శివారు చిన్నటేకూరు దగ్గర ప్రైవేటు బస్సు కాలిపోయిన తర్వాత ట్రావెల్స్ యజమానులు కొందరు మా దగ్గరికి కూడా వచ్చారు. బస్సులకు ఏఐఎస్-135 అని వేరే ప్రమాణం ఉంది. భవనాల కోసం నేర్చుకున్న డిటెక్టర్ల జ్ఞానం అక్కడ పనికిరాదు కనుక వాళ్లను ఆ పని తెలిసినవాళ్ల దగ్గరికి పంపేశాం. ఇంత డిమాండ్ ఉన్న విషయం మీద కోర్సులో ఒక పరిచయ తరగతైనా ఉంటే బాగుండేది.

ఖర్చు సంగతి కూడా చెప్పాలి. అప్పట్లో ఫీజు, బెంగళూరులో బస, భోజనం కలిపి మా జూనియర్ టెక్నీషియన్ రెండు నెలల జీతానికి పైగా అయింది. బోధన ఇంగ్లీషు, హిందీ కలిపి సాగుతుంది. తెలుగు మీడియంలో ఐటీఐ చదివి వచ్చిన మా కుర్రవాళ్లకు మొదటి రోజు ఏమీ ఎక్కలేదు, ప్రాక్టికల్ మొదలయ్యాక మాత్రం అందరికన్నా ముందున్నారు. సర్టిఫికెట్‌ను ఫ్రేమ్ కట్టించి ఆఫీసులో పెట్టుకోవడమే తప్ప, మేము వేసిన ఏ టెండర్లోనూ దానికి ప్రత్యేకంగా మార్కులు రాలేదు. రిఫ్రెషర్ పేరుతో వచ్చిన ఆన్‌లైన్ వీడియోలు మొక్కుబడి వ్యవహారం, వాటికి డబ్బు కట్టవద్దు.

చేరాలనుకునేవాళ్లు ఫీజు కట్టే ముందు సంస్థను మూడు విషయాలు అడగండి. ప్రాక్టికల్‌కు ఎన్ని కంపెనీల ప్యానెళ్లు ఉన్నాయి, ఒక్కో ప్యానెల్ ముందు ఎంతమందిని నిలబెడతారు, సేల్స్ మనిషిని టెక్నీషియన్ తరగతిలో కూర్చోనిస్తారా. మూడోదానికి కుదరదంటే టెక్నీషియన్‌ను ఒక్కడినే పంపి, తిరిగొచ్చాక అతనితో పాటు మీ సేల్స్ కుర్రవాణ్ణి ఒక నెల సైట్ల మీద తిప్పండి.